ఆస్‌బెస్టాస్ రేకులు తీయిస్తున్నారా? చివరి వాయిదా సొమ్ము చేతిలోనే ఉంచుకోండి

చెన్నైలో అంబత్తూర్, విల్లివాక్కం, పెరంబూర్ వైపు పాత ఇళ్లు కూల్పిస్తున్న తెలుగువారందరికీ ఈ హెచ్చరిక. ‘ఆస్‌బెస్టాస్‌ను శాస్త్రీయంగా తొలగిస్తాం’ అని కరపత్రాలు పంచే కాంట్రాక్టర్ ఒకడు ఈ చుట్టుపక్కల తిరుగుతున్నాడు. మామూలు కూల్చివేతకు అయ్యే ఖర్చుకు దాదాపు రెట్టింపు అడుగుతాడు. అంత డబ్బుకు ఒప్పుకుని మా ఇంట్లో చేయించింది మాత్రం సుత్తులతో రేకులు పగలగొట్టడం.

మా మామగారు కట్టించిన ఇంట్లో వెనక భాగమంతా రేకుల కప్పే. రేకులను నీటితో తడుపుతామని, హుక్కులు విప్పి ఒక్కొక్క రేకునూ విరగకుండా దించుతామని, మందపాటి పాలిథిన్‌లో రెండు పొరలుగా చుట్టి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేరుస్తామని ఒప్పందంలో చక్కగా రాసిచ్చాడు. నిజానికి ఈ పని చేయవలసిన పద్ధతి అదే. తీరా వచ్చిన కుర్రాళ్ల చేతుల్లో సుత్తులు, గడ్డపార, ఒక కటింగ్ మిషను తప్ప మరేమీ లేవు. నీళ్ల గొట్టం కూడా లేదు. తుప్పు పట్టిన హుక్కు ఊడి రాకపోతే దాని చుట్టూ రేకును కోసేశారు. లేచిన తెల్లటి దుమ్ము పక్కింటి పిన్నిగారు డాబా మీద ఎండబెట్టిన వడియాల మీద పిండి చల్లినట్టు పరచుకుంది. పాపం, ఆవిడ వాటన్నిటినీ పారబోయవలసి వచ్చింది.

కప్పు మీదున్న కుర్రాడిది శ్రీకాకుళం. ముఖానికి తువ్వాలు కట్టుకున్నాడు. “మాస్కు ఇవ్వలేదా బాబూ?” అని అడిగితే, “సిమెంటు రేకులే కదమ్మా, ఏమవుతుంది?” అన్నాడు. ఆ సిమెంటులో కలిసి ఉన్న ఆస్‌బెస్టాస్ పోగులు కంటికి ఆననంత సన్నవి. తువ్వాలుతో అవి ఆగవు; ముఖానికి బిగుతుగా అతుక్కునే, అతి సన్నని దుమ్మును ఆపే పీ3 లేదా పీ100 రకం ఫిల్టరున్న మాస్కు కావాలి. ఊపిరితిత్తుల్లో దిగిన పోగులు అక్కడే ఉండిపోయి, దశాబ్దాల తర్వాత క్యాన్సర్‌గానో, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్‌బెస్టాసిస్ జబ్బుగానో బయటపడవచ్చు. ఆస్‌బెస్టాస్ పరిశ్రమలో పనిచేసే ప్రతి కార్మికుడి ఆరోగ్య వివరాలూ కనీసం 40 ఏళ్లు భద్రపరచాలని సుప్రీంకోర్టు 1995లోనే ఆదేశించింది. ఈ కుర్రాడికి ఇరవై ఏళ్లు ఉంటాయేమో. ఇతని పేరు ఏ రిజిస్టరులోనూ ఎక్కదు. నా డబ్బు సంగతి కన్నా నన్ను ఎక్కువగా బాధిస్తున్నది ఇదే.

పని ఆపించి సూపర్‌వైజరును లైసెన్సు చూపించమన్నాను. ఫోనులో రెండు పత్రాలు చూపించాడు: ఒకటి జీఎస్‌టీ నమోదు, రెండోది సంస్థల నాణ్యతా నిర్వహణకు ఇచ్చే ఐఎస్‌ఓ 9001 సర్టిఫికెట్. ప్రమాదకర వ్యర్థాన్ని తరలించడానికి ఆ రెండూ అనుమతులు కావు. ఆ అనుమతి ఇవ్వవలసింది కాలుష్య నియంత్రణ మండలి. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల మొదటి షెడ్యూలులో పారవేసిన ఆస్‌బెస్టాస్ పేరు స్పష్టంగా ఉంది. అటువంటి సరుకు లారీ ఎక్కిందంటే వెంట ఫారం 10 అనే రవాణా పత్రం ఉండాలి. దాని మీద పంపినవారు, తీసుకెళ్లినవారు, అందుకున్న కేంద్రంవారు సంతకాలు చేయాలి. చెన్నైకి దగ్గరలో అలాంటి కేంద్రం గుమ్మిడిపూండిలో ఉంది. మా రేకుల ముక్కలు మాత్రం అప్పటికే గోనెసంచుల్లో, పైన టార్పాలిన్ కూడా లేని మినీ లారీలో వెళ్లిపోయాయి. ఎక్కడికని గట్టిగా నిలదీస్తే, “శివారులో ఒక గుంత పూడుస్తున్నారు, అక్కడికి” అన్నాడు.

ఇది చదివి, ఇంటి మీద రేకులున్నాయని కంగారుపడి రేపే పీకించకండి. పగుళ్లు లేని రేకును కదపకుండా ఉంచితే ముప్పు తక్కువ. కోసినప్పుడు, రంధ్రాలు వేసినప్పుడు, పగలగొట్టినప్పుడే పోగులు గాలిలో కలుస్తాయి. ఎక్కడైనా దుమ్ము పడితే చీపురు పట్టవద్దు, తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డనూ వ్యర్థాల సంచిలోనే వేసి మూతి కట్టండి.

తీయించక తప్పనప్పుడు, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రాన్ని బయానా ఇవ్వకముందే చూడండి. అందుకున్న కేంద్రం ముద్ర పడిన ఫారం 10 ప్రతి ఇచ్చాకే చివరి వాయిదా చెల్లిస్తామని ఒప్పందంలో రాయించండి. ఆ వాయిదా పెద్ద మొత్తంగా ఉండాలి. నేను మిగిలిన సొమ్ము ఇవ్వలేదు. ఫొటోలు, ఒప్పందం నకలు జతచేసి గిండిలోని కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు ఇచ్చాను. ఇదే తీరు కరపత్రం మీ ఇంటికీ వచ్చి ఉంటే, బయానా ఇచ్చే ముందు నాకు సందేశం పంపండి. ఆ ఒప్పందం, ఫొటోలు మీకు చూపిస్తాను.