అమ్మకు కొన్న బీపీ మిషన్: ఎనిమిది నెలల వాడకం తర్వాత

తిరుపతిలోని మా ఇంట్లోకి డిజిటల్ బీపీ మిషన్ వచ్చి ఎనిమిది నెలలయింది. అరవై ఎనిమిదేళ్ల మా అమ్మకు ఆసుపత్రిలో ఎప్పుడు చూసినా పై బీపీ 160 దాటుతూ ఉండేది. రెండో మాత్ర మొదలుపెట్టే ముందు వారం రోజులు ఇంట్లోనే చూసి రాసుకొని రమ్మని డాక్టరు గారు చెప్పడంతో, మందుల షాపులో 2,300 రూపాయలు పెట్టి ఈ మిషన్ కొన్నాను. మణికట్టుకు కట్టుకునే రకం తక్కువ ధరకే వస్తుందని షాపాయన చూపించారు కానీ, దాన్ని ప్రతిసారీ సరిగ్గా గుండె ఎత్తులో పట్టుకోవడం పెద్దవాళ్లకు కష్టమని భుజం కింద చుట్టేదే తీసుకున్నాను.

మిషన్ మీద నాకున్న అసలు అసంతృప్తి దాని పట్టీ గురించే. పెట్టెలో ఇచ్చిన పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతులకు మాత్రమే సరిపోతుంది. టైలరు టేపుతో కొలిస్తే అమ్మ చేయి 35 ఉంది. ఆ సంగతి తెలియక మొదటి పది రోజులు అంకెలు చూసి అనవసరంగా బెంగపడ్డాము. 750 రూపాయలకు పెద్ద పట్టీ విడిగా తెప్పించి అదే సాయంత్రం రెండింటితోనూ చూస్తే, పెద్దదానితో ఏడెనిమిది తక్కువ వచ్చింది. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఇదే విషయం మీద జరిగి 2023లో వెలువడిన పరిశోధనలో, ఒక సైజు పెద్ద పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ చుడితే పై బీపీ సగటున 5 వరకు, రెండు సైజులు పెద్దది కావలసినవారికి దాదాపు 20 ఎక్కువగా చూపించింది. ఇరవై అంటే ఒక మనిషికి అక్కరలేని మందు రాయించగల తేడా. అయినా మా పెట్టె మీద ఆ కొలత కంటికి కనిపించనంత చిన్న అక్షరాల్లో ఉంది, లోపలి కాగితంలో తెలుగు ముక్క ఒక్కటీ లేదు.

కూర్చునే తీరు కూడా అంతే ముఖ్యం. చేతిని బల్ల మీద గుండె ఎత్తులో ఆనించకుండా ఒళ్లో పెట్టుకుంటే పై బీపీ సుమారు 4, పక్కకు వేలాడదీస్తే 6.5 ఎక్కువ వస్తుందని 2024లో వచ్చిన మరో అమెరికా పరిశోధన చెప్పింది. అందుకే అమ్మను ఇప్పుడు భోజనాల బల్ల దగ్గర కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి కూర్చోబెడుతున్నాము. ఐదు నిమిషాలు మాట్లాడకుండా ఉండడం ఆమెకు కష్టంగానే ఉంది కాబట్టి, టీవీలో ఎస్వీబీసీ కట్టేసి, ఫోను పక్క గదిలో పెట్టాల్సి వస్తోంది.

మా వీధిలోని పెద్దాయన ఒకరు, పై బీపీ 120 కిందే ఉండాలని అమెరికాలో తేల్చారని అమ్మను తరచూ హెచ్చరిస్తారు. ఆయన చెప్పేది 2015లో ఫలితాలు వెలువడిన స్ప్రింట్ పరిశోధన. 9,361 మందితో జరిగిన ఆ పరిశోధనలో 140కి బదులు 120 లోపు లక్ష్యంగా మందులిచ్చినవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండె వైఫల్యం వంటివి నాలుగో వంతు తగ్గిన మాట నిజమే. అయితే అక్కడ ఐదు నిమిషాల విశ్రాంతి తర్వాత మూడుసార్లు మిషన్‌తో చూసి సగటు తీశారు; హడావుడిగా ఓపీలో ఒక్కసారి చూసిన అంకెను ఆ 120తో పోల్చడం న్యాయం కాదు. పైగా అమ్మకున్న షుగర్ వ్యాధి ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. వారికీ ఈ లక్ష్యం మేలు చేస్తుందని 2024లో చైనా పరిశోధన చూపింది కానీ, ఆమెకు ఎంత తగ్గించాలో డాక్టరు గారే నిర్ణయించాలి.

పని విషయంలో మిషన్‌కు వంక పెట్టలేను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్ వివరించిన చప్పుళ్లను స్టెతస్కోపుతో వినే పద్ధతి దీనిలో లేదు. పట్టీలో గాలి తగ్గేటప్పుడు రక్తనాళం కొట్టుకునే అదురును పట్టి అంకె లెక్కగడుతుంది. అందువల్ల గుండె లయ తప్పి కొట్టుకునేవారిలో అంతగా నమ్మలేమని డాక్టరు గారు ముందే చెప్పారు. క్లినిక్‌కు తీసుకెళ్లి నర్సమ్మ మిషన్‌తో పోల్చి చూస్తే తేడా 3, 4 దాటలేదు.

ఏడు రోజులు, ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు రాసిన నోటుబుక్కులో మొదటి రోజును వదిలేసి డాక్టరు గారు సగటు కట్టారు. 134 వచ్చింది. ఇంటి కొలతల్లో 135 హద్దు కాబట్టి రెండో మాత్ర రాయలేదు. మూడు నెలల తర్వాత మళ్లీ ఇలాగే వారం రాసుకొని రమ్మన్నారు. ఈ మిషన్ కొనదలచినవారు బిల్లు కట్టే ముందే షాపులో పెట్టె విప్పించి, ఇంట్లో కొలిచి తెచ్చుకున్న చేతి చుట్టుకొలతకు ఆ పట్టీ సరిపోతుందో లేదో చూసుకోవాలి.