భజన రికార్డింగులకి ఆడాసిటీ: ఐదుకి నాలుగున్నర

మా భీమవరం వైపు ఊళ్ళల్లో భజనలు, హరికథలు రికార్డు చేసుకునేవాళ్ళు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని అడిగితే నేను ఆడాసిటీయే చెప్తాను. ఉచితమని కాదండీ, డెసిబెల్స్ (శబ్దం ఎంత గట్టిగా ఉందో చెప్పే కొలత) కూడిక దగ్గర ఇది మన పని చెడగొట్టదు, అందుకు.

ఈ కూడికే చాలామందికి తిరకాసు. రొయ్యల చెరువు గట్టు మీద నీళ్ళలో గాలి కలిపే యంత్రం, అదే ఏరేటర్, ఒకదాని మోత 60 డెసిబెల్స్ అనుకోండి, అంతే మోత చేసే రెండోది పక్కనే తిరిగితే 120 అవదు, 63 అవుతుంది. అలాంటివి పది తిరిగితే 70. అదే ఒక గొంతు ట్రాక్‌ని కాపీ చేసి దాని మీదే పెడితే మాత్రం 6 పెరుగుతుంది, ఎందుకంటే రెండు తరంగాలూ ఒకేసారి లేస్తాయి, ఒకేసారి పడతాయి.

కంప్యూటర్ రికార్డింగులో మాత్రం డెసిబెల్స్ పైనుంచి కిందకి లెక్క: సున్నాయే పైకప్పు, దానికి తక్కువున్నదంతా మైనస్. గొంతు, హార్మోనియం, మృదంగం, తాళాలు నాలుగింటినీ మైనస్ 6 దాకా లేపి కలిపారంటే, తాళమూ దరువూ గట్టిగా ఒకేసారి పడ్డచోట సున్నా దాటిపోవచ్చు. ఒక్కోటీ మైనస్ 12కి కాస్త కింద ఉంచితే ఆ బెంగ లేదు. ఒకవేళ దాటినా ఆడాసిటీ లోపల లెక్కంతా సున్నా దాటినదాన్ని కూడా దాచుకునే 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో నడుస్తుంది కాబట్టి ఏమీ పోదు. మిక్స్ అండ్ రెండర్‌తో ట్రాక్‌లన్నీ ఒకటిగా కలిపి, వాల్యూమ్ పెంచే తగ్గించే ఆంప్లిఫై తెరవండి, ఎంత తగ్గించాలో మైనస్ అంకెతో అదే చూపిస్తుంది. ఆ పని చెయ్యకుండా 16 బిట్ వేవ్ ఫైలుగా ఎక్స్‌పోర్ట్ కొట్టేస్తే అలల తలలు తెగిపోతాయి, తర్వాత వాల్యూమ్ ఎంత తగ్గించినా ఆ బరబర వదలదు. షో క్లిప్పింగ్ ఎప్పుడూ ఆన్‌లో పెట్టుకోండి, తెగినచోట ఎర్రగీతలు కనబడతాయి.

అర మార్కు కోసింది వెనకాల మోతని తీసేసే నాయిస్ రిడక్షన్‌కి. ఏరేటర్ మోత గొంతు కంటే 10 డెసిబెల్స్ తక్కువుంటే మొత్తానికి అది కలిపేది అర డెసిబెల్ కూడా కాదు, మీటర్లో కనపడదు, కానీ గాయకుడు ఊపిరి తీసుకునే సందులో చెవికి గుచ్చుకుంటుంది. ఎవరూ పాడని ముక్క ఒకటి చూపిస్తే ఆ మోతని బాగానే తీస్తుంది, కాకపోతే ఒక్కసారే ఎక్కువ తియ్యబోతే గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది. కొద్దికొద్దిగా తియ్యండి. పాట మొదలయ్యే ముందు కాసేపు అందర్నీ ఊరుకోమని ఆ ఖాళీ మోతని కూడా రికార్డు చేసుకోండి, ఆ ముక్క లేకపోతే ఈ పని కుదరడం కష్టం.