టేబుల్ సా కింద చక్రాల ఫ్రేము: నాలుగేళ్ళ వాడకం తర్వాత

టేబుల్ సాకి, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి బ్లేడు పైకి వచ్చే కరెంటు రంపానికి, చక్రాలు బిగించడం పెద్ద పనేం కాదు. కోసేటప్పుడు అది కదలకుండా నిలబడాలి, తంటా అంతా అక్కడే. నాలుగేళ్ళుగా వాడుతున్న ఇనుప ఫ్రేము గురించి ఈ సమీక్ష. అంతకుముందు ఏడాదిపాటు ఇదే రంపం నాలుగు తిరుగుడు చక్రాల (అన్ని దిక్కులకీ తిరిగేవి) మీద నడిచింది కాబట్టి తేడా చెప్పగలను.

రంపం కాంట్రాక్టర్ రకం, 10 అంగుళాల బ్లేడు, మోటారు వెనక వేలాడుతుంది. బల్లకి ఇరుపక్కలా పోత ఇనుప రెక్కలు, ఫెన్సు (చెక్కని బ్లేడుకి సమాంతరంగా నడిపే అడ్డుపట్టీ) జరిగే పట్టాలు, కుడివైపు చెక్క పొడిగింపు అన్నీ కలిపి 180 కిలోల దాకా ఉంటుంది. దీన్ని నాలుగుతో భాగించి 45 కిలోలు మోసే చక్రాలు కొనేస్తారు చాలామంది. అది తప్పు లెక్క. నేల ఎక్కడా సమంగా ఉండదు, బరువంతా మూడు చక్రాల మీదే పడి నాలుగోది ఊరికే ఆనుకుని ఉండే సందర్భాలే ఎక్కువ. మూడుతో భాగిస్తే 60 వస్తుంది. నేల అతుకుల దగ్గర పడే కుదుపు కూడా కలుపుకుని ఒక్కోటి 100 కిలోలు మోసేవి వేయడం మంచిది.

మొదటి ఏర్పాటులో నాలుగూ తిరుగుడు చక్రాలే, నాలుగింటికీ బ్రేకులున్నాయి. అయినా కోసేటప్పుడు రంపం పక్కకి ఊగేది. కారణం బ్రేకు కాదు, చక్రం నిర్మాణం. చక్రం ఇరుసు, దాని ఫోర్కు తిరిగే పిన్ను ఒకే నిలువు గీతలో ఉండవు. 75 మి.మీ. చక్రానికి పాతిక, ముప్పై మి.మీ. ఎడం ఉంటుంది. బ్రేకు చక్రాన్ని మాత్రమే పట్టేస్తే ఫోర్కు ఆ పిన్ను చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. ముప్పై కిలోలు దాటిన ప్లైవుడ్ షీటును నెట్టినప్పుడు రంపం ఆ మేరకు మెలి తిరుగుతుంది, చెక్క బ్లేడుని నొక్కేస్తుంది. బ్లేడు చెక్కని మన మీదికి వెనక్కి తన్నేది అలాంటప్పుడే. చక్రాన్నీ ఫోర్కునీ రెండింటినీ బిగించే బ్రేకు కొంత నయం, కానీ రబ్బరు సాగుడు మిగిలే ఉంటుంది. పైగా చక్రాలు కాళ్ళ కిందే ఉన్నందువల్ల బల్ల ఎత్తు 860 మి.మీ. నుంచి 960 దాటింది. ఆ ఎత్తులో పెద్ద షీటు నెట్టడం భుజాలకి శిక్షే.

ఇప్పటి ఫ్రేము 40×40×5 మి.మీ. యాంగిల్‌తో (ఎల్ ఆకారపు ఇనుప కమ్మీ) చేసింది. రంపం కాళ్ళ బయటి కొలత 500×560, చుట్టూ 3 మి.మీ. ఖాళీ వదిలితే లోపలి కొలత 506×566. రెండు మీటర్ల పావు యాంగిల్ సరిపోతుంది. నాలుగు మూలలకీ ముందు టాక్ (చుక్క వెల్డు) పెట్టి కర్ణాలు కొలవాలి. రెండూ 759 రావాలి, ఒక మి.మీ. అటూ ఇటూ అయినా పరవాలేదు. ఎదురెదురు మూలల్ని మార్చి మార్చి వెల్డ్ చేస్తే వంకర తక్కువ. వెల్డింగ్ లేకపోతే బోల్టులతోనూ చేయొచ్చు, కానీ మూలకి రెండేసి ఎం8 (8 మి.మీ.) బోల్టులు తప్పనిసరి. ఒక్కటే వేస్తే అది కీలులా పనిచేసి ఫ్రేము పక్కకి వాలిపోతుంది.

ఫ్రేము నేలకి 15 మి.మీ. ఎత్తులోనే ఉంటుంది, చక్రాలు పక్కకి పొడుచుకొచ్చిన పలకల కింద వేలాడతాయి. 100 మి.మీ. చక్రానికి పలకతో కలిపి ఎత్తు 125 ఉంటే, ఫ్రేము పక్కన నిలబెట్టే పైపు ముక్క 110 ఉండాలి. బల్ల పెరిగింది 20 మి.మీ. మాత్రమే.

ఎడమవైపు రెండూ స్థిర చక్రాలు, తిరగవు. అవి దొర్లే దిశ చెక్క నెట్టే దిశకి అడ్డంగా ఉండాలి. ఇదొక్కటి సరిగ్గా పెడితే బ్రేకు లేకపోయినా నెట్టుడుకి అవి కదలవు. కుడివైపు రెండు ఎం12 రబ్బరు పాదాలు, వాటి పక్కన పెడల్‌తో దిగే రెండు తిరుగుడు చక్రాలు. పెడల్ 80 మి.మీ. దిగితే కుడివైపు 10 మి.మీ. లేస్తుంది. ఆ వైపు సగం బరువు, 90 కిలోలు అనుకున్నా, పెడల్ తొక్కే మన కాలికి పడేది రాపిడితో కలిపి పదిహేను కిలోల లోపే. పెడల్ వదిలితే పాదాలు నేలకి ఆనుతాయి, ఇక ఊగుడు లేదు. కుడివైపు మధ్యలో ఒకే చక్రం పెట్టే నమూనా సులువే గానీ, మోటారు వెనక వేలాడే రంపానికి నేను వద్దంటాను. బరువు వెనక్కి ఉండటంతో మలుపులో అటు ఒరుగుతుంది.

అరిగింది పెడల్ ఇరుసు. మొదట పూర్తిగా థ్రెడ్ ఉన్న 10 మి.మీ. బోల్టు పెట్టాను. థ్రెడ్ అంచులు ఆకురాయిలా కన్నాన్ని తినేశాయి, ఏడాదిన్నరకి అది గుడ్డు ఆకారానికి వచ్చింది. కన్నాన్ని 12కి పెంచి, నున్నటి మెడ ఉన్న బోల్టు, రెండు వైపులా వాషర్లు, నైలాక్ నట్టు (లోపల నైలాన్ రింగు ఉండి వదులవని నట్టు) వేశాక ఇప్పటికీ బిగువుగానే ఉంది. మామూలు నట్టులు కంపనానికి వదులవుతాయి, అన్ని చోట్లా నైలాకే వాడండి.

చక్రాల్లో నైలాన్ తేలిగ్గా దొర్లుతుంది గానీ మోత, నున్నటి నేల మీద జారుడు. రబ్బరు కొన్ని నెలలు ఒకేచోట నిలబడితే అడుగున చదునుగా అణిగిపోయి, తర్వాత టకటకమంటూ దొర్లుతుంది. పాలీయురేథేన్ మధ్యస్థం, అదే వేశాను. తిరుగుడు బేరింగుల్లో రంపపు పొట్టు చేరుతుంది. నూనె వేస్తే పొట్టు ముద్ద కట్టి ఇంకా బిగుస్తుంది. గాలి కొట్టి, పొడి గ్రాఫైట్ వేస్తే చాలు.

రంపం అడుగున ప్లైవుడ్ పలక వేసి మూసేయకండి. ఈ రకంలో పొట్టు కిందికే రాలుతుంది, దారి లేకపోతే లోపలే పేరుకుంటుంది. పలక కావాలంటే మధ్యలో 300 మి.మీ. చదరం కోసేయాలి.

జరిపేటప్పుడు ప్లగ్గు తీసి, తీగను కొక్కానికి తగిలించి, కింది పెట్టె భాగం పట్టుకుని నెట్టాలి. ఫెన్సు పట్టా పట్టుకుని లాగితే ఫెన్సు సమాంతరం పోతుంది. కొత్త చోట పెట్టాక బల్లకీ రెక్కకీ మధ్య అతుకు మీద వంకరలేని తిన్నటి పట్టీని అడ్డంగా పెట్టి చూడండి. వెలుతురు కనిపిస్తే ఏదో ఒక పాదం గాల్లో ఉందన్నమాట, ఎం12 నట్టు తిప్పి సరిచేయాలి. పెడల్ వదిలే ముందు పాదాల కింద ఊడవడం మాత్రం మానకూడదు. మెత్తటి పొట్టు పలచగా ఉన్నా రబ్బరు దాని మీద పౌడరు మీద జారినట్టే జారుతుంది.