చెక్ ఇంజన్ లైట్ వెలిగితే... ఫోన్ డాంగిలా, చేతి స్కానరా, గ్యారేజీ స్కానా? ఏది మేలు?

డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపు రంగులో వెలిగిందంటే తిరుపతిలో మన ముందు నాలుగు దారులున్నాయి. కొన్ని వందలకే దొరికే బ్లూటూత్ డాంగిల్ (కారు సాకెట్‌లో గుచ్చే చిన్న బిళ్ల) కొని ఫోన్‌కి కలుపుకోవచ్చు. రెండు మూడు వేలు పెట్టి చిన్న తెర ఉన్న చేతి స్కానర్ తెచ్చుకోవచ్చు. మెకానిక్ దగ్గరికో షోరూముకో పోయి స్కాన్ చేయించుకోవచ్చు. లేదంటే పాతిక వేలు, ఆ పైన పోసి గ్యారేజీ వాళ్లు వాడే ట్యాబ్లెట్ స్కానరే కొనెయ్యొచ్చు. నా మాట ముందే చెప్పేస్తా. బానెట్ ఎత్తి చూసే ఓపిక ఉంటే డాంగిలే మేలు. ఆ ఓపిక లేకపోతే ఏదీ కొనొద్దు, గ్యారేజీ స్కానే చవక. ఎందుకంటే స్కానర్ చూపించే కోడ్, అంటే ఇంజన్ కంప్యూటర్ రాసుకున్న తప్పు నంబరు, ఫిర్యాదు మాత్రమే. ఏ పార్టు మార్చాలో అది చెప్పదు.

కొనే ముందు మీ కారు దీనికి పనికొస్తుందో లేదో చూసుకోండి. బీఎస్4 (కాలుష్య నియమాల్లో ఒక మెట్టు) కార్లకు ఓబీడీ-2, అంటే కారు తన తప్పుల్ని తానే పసిగట్టి సాకెట్ ద్వారా చెప్పే ఏర్పాటు, తప్పనిసరి అయింది 2013 ఏప్రిల్ నుంచి. అయితే బీఎస్4 దేశమంతటా అమల్లోకి వచ్చింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి ఈ రెండు తేదీల మధ్య కొన్న కారైతే ఆర్‌సీలో బీఎస్3 అని ఉందా, బీఎస్4 అని ఉందా చూడాలి. సాకెట్ స్టీరింగ్ కింద, మోకాళ్ల దగ్గర ఉంటుంది, 16 పిన్నులది. కొన్ని కార్లలో దాని మీద చిన్న మూత ఉంటుంది. అందులో 16వ పిన్నుకి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు వస్తుంది. అంటే తాళం తీసేసినా డాంగిల్ బ్యాటరీని తాగుతూనే ఉంటుంది. పని కాగానే పీకెయ్యండి.

చేతి స్కానర్‌కి ఉన్న గొప్ప గుణం, దానికి ఏమీ నేర్పక్కర్లేదు. యాప్ లేదు, పెయిరింగ్ లేదు, మధ్యలో ప్రకటనలు లేవు. గుచ్చి తాళం తిప్పితే కోడ్ చూపిస్తుంది. ట్రావెల్స్ నడిపేవాళ్లకు, ఇంట్లో రెండు మూడు బండ్లు ఉన్నవాళ్లకు ఇది బాగానే ఉంటుంది. కొన్ని సమస్యలకు అంతకు మించి అవసరం కూడా లేదు. పి0301 వచ్చిందనుకోండి, మొదటి సిలిండర్ సరిగా మండడం లేదని అర్థం. నాలుగు సిలిండర్లకూ విడివిడిగా కాయిల్స్ (స్పార్క్ ప్లగ్‌కి కరెంటు ఇచ్చేవి) ఉన్న పెట్రోల్ కారైతే, ఇంజన్ ఆపి, చల్లారాక, మొదటి కాయిల్ తీసి రెండో చోట, రెండోది మొదటి చోట పెట్టండి. కోడ్ చెరిపి మళ్లీ నడపండి. ఈసారి పి0302 వస్తే కాయిలే దొంగ. పి0301 అలాగే ఉంటే స్పార్క్ ప్లగ్గో, ఇంజెక్టరో, ఇంకేదో చూడాలి. ఈ పరీక్షకు ఎంత చవక స్కానరైనా చాలు. (లైట్ వెలగడం కాదు, ఆగకుండా మిణుకు మిణుకుమంటుంటే మాత్రం ప్రయోగాలు వద్దు. మండని పెట్రోల్ సైలెన్సర్‌లోకి పోయి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. బండి పక్కకు తీసి ఆపండి.)

కోడ్ ఒక్కటే చాలని చోట డాంగిల్ విలువ తెలుస్తుంది. మా వీధిలో ఒకాయన ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయించిన మర్నాడే లైట్ వెలిగింది. చేతి స్కానర్ పెడితే పి0113, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సర్క్యూట్ హై. "ఎండలకి గాలి బాగా వేడెక్కింది సార్, సెన్సర్ పొయినట్టుంది, మార్చేద్దాం" అన్నాడు ఆయనకు తెలిసిన కుర్రాడు. ఆ 'హై' వేడి గురించి కాదు, సెన్సర్ వైరులో వోల్టేజీ గురించి. డాంగిల్ గుచ్చి ఫోన్‌లో లైవ్ డేటా (సెన్సర్లు అప్పటికప్పుడు చెప్పే అంకెలు) తెరిచి చూస్తే ఇంజన్ పీల్చే గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీలు. మే నెల, మిట్టమధ్యాహ్నం, తిరుపతి! సెన్సర్ వైరు ఎక్కడో తెగితే, లేదా ఆ వైరు చివరి ప్లగ్ ఊడితే, ఇంజన్ కంప్యూటర్ చాలా కార్లలో చూపించే అంకె అదే. బానెట్ ఎత్తి చూస్తే ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన ప్లగ్ సగం మాత్రమే దూరి ఉంది. ఫిల్టర్ పెట్టిన చేతులు దాన్ని టక్కుమనేదాకా నొక్కలేదు. నొక్కగానే తెర మీద అంకె మైనస్ 40 నుంచి 46కి ఎగిరింది. ప్లగ్ బిగించినా అంకె కదలకపోయి ఉంటే అప్పుడు సెన్సర్‌ని అనుమానించొచ్చు. కొత్త సెన్సర్ కొని బిగించినా లైట్ ఆరిపోయేదే అనుకోండి, ఎందుకంటే బిగించేటప్పుడు ప్లగ్ కూడా సరిగ్గా నొక్కేవాళ్లు.

కొన్ని చేతి స్కానర్లలోనూ లైవ్ డేటా ఉంటుంది. కానీ ఆ బుల్లి తెర మీద నాలుగు అంకెలు వరసగా చూసేసరికి కళ్లు కాయలు కాస్తాయి. ఫోన్‌లో అయితే గ్రాఫ్ వస్తుంది, దాచుకోవచ్చు, మెకానిక్‌కి వాట్సాప్ చెయ్యొచ్చు. టార్క్, కార్ స్కానర్ లాంటి యాప్‌ల ఉచిత రూపాలే మొదట్లో సరిపోతాయి.

మనూళ్లో దీనికి సరైన పరీక్ష కొండే. రెండో ఘాట్ రోడ్డులో తక్కువ గేర్లో, ఏసీ వేసుకుని, నిండా మనుషులతో ఎక్కుతుంటే కూలింగ్ సిస్టమ్ అసలు సత్తా బయటపడుతుంది. చాలా చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు తీసేశారు. చల్లగా ఉంటే నీలం లైటు, కాలిపోతుంటే ఎర్ర లైటు, మధ్యలో ఏమీ లేదు. ఎర్రది వెలిగేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. డాంగిల్ ఉంటే పక్క సీట్లో కూర్చున్నవాళ్లు అంకె చూస్తూ ఉండొచ్చు, నడిపేవాళ్లు చూడకూడదు. మామూలుగా 85 నుంచి 100 డిగ్రీల మధ్య ఆడుతుంది, ఫ్యాన్ తిరిగినప్పుడు కాస్త దిగుతుంది. 105 దాటి ఇంకా ఎక్కుతూనే ఉంటే ఏసీ ఆపి, చోటు చూసి బండి నిలపండి. రేడియేటర్ మూత మాత్రం వేడి మీద తియ్యొద్దు. డాంగిల్‌కీ ఫోన్‌కీ మధ్య మాటలకు ఇంటర్నెట్ అక్కర్లేదు, కాబట్టి మలుపుల్లో సిగ్నల్ పోయినా ఇబ్బంది లేదు.

దిగేటప్పుడు వచ్చే కాలిన వాసన గురించి మాత్రం డాంగిల్ నోరు విప్పదు. మామూలు కార్లలో బ్రేక్ ప్యాడ్, క్లచ్ ప్లేటు, టైరు అరుగుదల ఏ స్కానర్‌కీ కనిపించవు. 'స్కాన్‌లో ఏమీ రాలేదు, బండి బాగుంది' అనుకుని కొండ దిగడం ప్రమాదం.

సీఎన్‌జీ కిట్ వేయించుకున్న వాళ్లకు డాంగిల్ ఇంకో రకంగా పనికొస్తుంది. పి0171 వస్తే ఇంజన్‌లోకి గాలికి తగినంత ఇంధనం అందడం లేదని అర్థం. యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే అంకె) చూడండి. సున్నాకి అటూ ఇటూ పది శాతంలో ఉంటే పర్వాలేదు. గ్యాస్ మీద నడిపినప్పుడు ఇరవై దాటి, కొన్నాళ్లు పెట్రోల్ మీదే నడిపితే సర్దుకుంటే కిట్ ట్యూనింగ్ వాడి దగ్గరికి పోవాలి. పెట్రోల్ మీద కూడా అంతే ఉంటే జబ్బు కారుదే. ఈ ఒక్క విషయం తేల్చుకుంటే ఇద్దరు మెకానిక్‌లు ఒకరి మీద ఒకరు చెప్పుకునే రభస తప్పుతుంది.

డాంగిల్ కొనేటప్పుడే అసలు తలనొప్పి. వీటిలో ఉండే ఈఎల్‌ఎం 327 చిప్‌ని మొదట చేసింది ఒక కెనడా కంపెనీ. దాని మొదటి వెర్షన్‌కి కాపీ కొట్టకుండా రక్షణ పెట్టలేదు. ఇంకేముంది, మార్కెట్ నిండా నకళ్లే. పెద్ద వెర్షన్ నంబర్ ముద్రించిన నకళ్లలో కొన్ని కమాండ్లే ఉండవు. కనెక్ట్ అయ్యిందంటుంది, అంకెలు మాత్రం రావు. వెనక్కి తీసుకునే చోటే కొనండి, వచ్చిన రోజే పెట్టి చూడండి. ఐఫోన్ ఉన్నవాళ్లు మామూలు బ్లూటూత్‌ది కొంటే పని చెయ్యదు, వైఫై గానీ 'బ్లూటూత్ లో-ఎనర్జీ' (బీఎల్‌ఈ) గానీ ఉన్నది అడగాలి.

ఇక గ్యారేజీ స్కాన్. ఏబీఎస్ లైటో ఎయిర్‌బ్యాగ్ లైటో వెలిగితే నేరుగా అక్కడికే పోండి, చవక డాంగిళ్లు ఎక్కువగా ఇంజన్ వరకే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ వైర్లలో ఇంట్లో వేలు పెట్టడం మంచిది కూడా కాదు. బీఎస్6 డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) మసితో నిండిపోయి, హైవే మీద నడిపినా లైట్ ఆరకపోతే, దాన్ని బలవంతంగా కాల్చి శుభ్రం చేసే ఆదేశం కూడా పెద్ద స్కానర్‌తోనే ఇవ్వాలి. ఒక్క జాగ్రత్త. గ్యారేజీకి పోయే ముందు ఇంట్లో కోడ్ చెరపకండి. లైట్ వెలిగిన క్షణంలో ఇంజన్ వేగం, వేడి, లోడ్ ఎంతో కంప్యూటర్ ఫ్రీజ్ ఫ్రేమ్ అని దాచి ఉంచుతుంది. చెరిపితే అదీ పోతుంది, మెకానిక్ చీకట్లో వెతుక్కోవాలి. గ్యారేజీ వాళ్లు కోడ్ చెరపకముందే మీరూ తెరని ఫోటో తీసుకోండి.

కుప్పం, పుంగనూరు వైపు మీ కంపెనీ షోరూం దగ్గర్లో లేనివాళ్లకు లెక్క మారుతుంది. బయల్దేరే ముందే కోడ్ తెలిస్తే స్థానిక మెకానిక్‌తో తేలుతుందో, ఊరు దాటాలో నిర్ణయించుకోవచ్చు. అక్కడ ఓపిక లేనివాళ్లకైనా చేతి స్కానర్ ఉండాలంటాను.

ట్యాబ్లెట్ స్కానర్ ఇంటికి అనవసరం. ఫ్యాన్‌నీ పంపునీ తెర మీంచే తిప్పి పరీక్షించడం ముచ్చటగానే ఉంటుంది. కానీ ఏటా అప్‌డేట్‌కి డబ్బు కట్టాలి, ఒక్క కారుకి అది ఎప్పటికీ గిట్టుబాటు కాదు.

డాంగిల్‌కి పెట్టిన డబ్బు ఒక్క దెబ్బతో తిరిగొచ్చే చోటు పాత కార్ల బేరం. లైట్ వెలగడం లేదని అమ్మేవాళ్లు చూపిస్తారు. యాప్‌లో రెడీనెస్ మానిటర్లు (కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు) చూడండి. చాలావరకు 'పూర్తి కాలేదు' అని ఉంటే ఈ మధ్యే కోడ్లు చెరిపారన్నమాట. చాలా కార్లలో కోడ్ చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా కనిపిస్తుంది. 12 కిలోమీటర్లు అని వస్తే, చెరిపింది ఏ లైటో అడగండి. "బ్యాటరీ మార్చాం సార్, దాంతో అన్నీ పోయినాయి" అంటారు. అలా పోవడం నిజమే, జరుగుతుంది. అప్పుడు బానెట్ ఎత్తించి బ్యాటరీ వారంటీ కార్డు మీద తేదీ చూపించమనండి.