కొత్త ల్యాప్‌టాప్‌లో అడగని సాఫ్ట్‌వేర్: ఏరివేయడమా, తుడిచేయడమా, లినక్స్‌కు మారడమా?

మా చెల్లెలి కూతురు ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు కొన్న ల్యాప్‌టాప్‌ను మొదట ఆన్ చేసింది నేనే. ఐదు నిమిషాలు గడవకముందే తెర మీద కుడివైపు మూలన ఒక యాంటీవైరస్ పెట్టె లేచింది. అందులో రెండే బటన్లు: "ఇప్పుడే కొనండి", "తర్వాత గుర్తు చేయండి". అరవై వేలు పోసి కొన్న యంత్రంలో "వద్దు" అనే మాటకు చోటు దొరకలేదు.

ఇలాంటి సరుకును వదిలించుకోవడానికి చాలామంది పట్టే దారి ఏరివేత. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా తెరిచి ఒక్కొక్కటే తీసేయడం. అరగంట పని, డేటాకు ఏ ప్రమాదమూ లేదు. అయితే ఆ జాబితాలో కనిపించేదే మనం తీయగలం. 2014 చివరి నుంచి 2015 మొదటి వరకు అమ్మిన లెనోవో ల్యాప్‌టాప్‌లు కొన్నింటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం వచ్చింది. బ్యాంకు సైటు తెరిస్తే చిరునామా పక్కన తాళం గుర్తు కనిపిస్తుంది కదా, ఆ తాళం అసలుదేనని కంప్యూటర్‌కు పూచీ పడేవి రూట్ సర్టిఫికెట్లు. తాళం వేసిన పేజీల్లోకి కూడా ప్రకటనలు దూర్చడానికి సూపర్‌ఫిష్ తన సొంత రూట్ సర్టిఫికెట్‌ను కంప్యూటర్‌లో చేర్చేసింది. పైగా అన్ని యంత్రాల్లోనూ ఆ సర్టిఫికెట్‌కు ఒకటే రహస్య తాళంచెవి. దాని పాస్‌వర్డ్‌ను ఒక భద్రతా నిపుణుడు కనిపెట్టి బయటపెట్టాడు. అంటే అదే వైఫైలో కూర్చున్న ఎవరైనా మీ బ్యాంకులా నటించవచ్చు. ప్రోగ్రాంను తీసేసినా సర్టిఫికెట్ అక్కడే ఉండిపోయింది! 2017లో లెనోవో అమెరికాలోని 32 రాష్ట్రాలకు 35 లక్షల డాలర్లు కట్టి రాజీ చేసుకుంది. ఏరివేత మీద నాకు నమ్మకం పోయింది ఈ కథ చదివాకే.

రెండో దారి, మొత్తం తుడిచి విండోస్‌ను మళ్లీ ఎక్కించడం. కంపెనీ ఇచ్చిన రికవరీ వాడితే చాలాసార్లు పాత చెత్తంతా తిరిగి వస్తుంది. అందుకే మైక్రోసాఫ్ట్ సైటు నుంచి దించుకుని 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి. లైసెన్సు మళ్లీ కొనాల్సిన పని లేదు. విండోస్‌తో కలిపి అమ్మే యంత్రాల్లో విండోస్ 8 కాలం నుంచి లైసెన్సు సంఖ్య మదర్‌బోర్డులోనే ఉంటోంది. వైఫైని పనిచేయించే చిన్న ప్రోగ్రాంను, అంటే డ్రైవర్‌ను, మాత్రం ముందే దాచుకోండి. నేను మరిచిపోయి ఫోన్‌ను కేబుల్‌తో తగిలించి ఇంటర్నెట్ ఇవ్వాల్సి వచ్చింది.

ఇంత చేసినా పోయేది తయారీదారు పెట్టిందే, మైక్రోసాఫ్ట్ పెట్టింది కాదు. మొదటి లాంఛనంగా అది తన ఖాతా తెరవమంటుంది, తర్వాత ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే వన్‌డ్రైవ్ వాడమని వెంటపడుతుంది. ఎడ్జ్ బ్రౌజర్ సంగతి ఇంకా విచిత్రం. యూరప్‌లో డిజిటల్ మార్కెట్ల చట్టం 2024లో అమలుకు రావడంతో అక్కడివాళ్లు దాన్ని మామూలు యాప్‌లా తీసేయవచ్చు. అదే విండోస్‌లో ఆ బటన్ బెర్లిన్‌లో పలుకుతుంది, హైదరాబాద్‌లో పలకదు. కుదరక కాదు, ఇక్కడ అడిగే చట్టం లేక. మరో చిక్కు: తుడిచేసిన విండోస్‌లోకి కూడా మదర్‌బోర్డు నుంచి ప్రోగ్రాం ఎక్కించే ఏర్పాటు ఒకటి ఉంది. 2015లో లెనోవో దాన్ని వాడి దొరికిపోయాక, దాన్ని ఆపే మార్గం తానే విడుదల చేసింది.

మూడోది విండోస్ బదులు ఎక్కించుకునే ఉచిత వ్యవస్థ, లినక్స్. ఇక్కడ అడగనివి రావని కాదు. 2012లో ఉబుంటు అనే లినక్స్ రకం తన మెనూలో వెతికితే అమెజాన్ సరుకులు చూపించడం మొదలుపెట్టింది, వాడుకరులు భగ్గుమన్నారు. తేడా ఏమిటంటే ఆ భాగాన్ని ఒక్క ఆదేశంతో పీకేయగలిగారు. నాలుగేళ్ల తర్వాత ఉబుంటు తానే దాన్ని ముందుగా ఆపి ఉంచడం మొదలుపెట్టింది. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయని తేలాకే ఎక్కించుకోవచ్చు. విండోస్ 10కు 2025 అక్టోబర్ 14తో మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11కు అర్హత లేక మూలనపడ్డ మా ఇంటి పాత డెస్క్‌టాప్ లినక్స్ మింట్ అనే మరో రకంతో హాయిగా నడుస్తోంది. తెలుగు చదవడానికి, రాయడానికి ఏ లోటూ లేదు.

కానీ డీటీపీ చేసే మిత్రుడికి మాత్రం లినక్స్ వద్దనే చెప్పాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు వేసే అతని బతుకంతా అను ఫాంట్లు, పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాం మీదే. అవి ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్ పద్ధతివి కావు, విండోస్ కోసం చేసినవి. ఏళ్ల తరబడి దాచుకున్న ఫైళ్లను కొత్త చోటికి మార్చాలంటే దుకాణం మూసి కూర్చోవాలి. అతనికి రెండో దారే మేలు.

కొత్త యంత్రానికి నా ఓటూ రెండోదానికే, అదీ ఇంకా ఫైళ్లేవీ చేరని మొదటి రోజునే. పాతదానికి లినక్స్. తుడవడానికి ధైర్యం చాలనివారికే ఏరివేత.

అమ్మాయి ల్యాప్‌టాప్‌ను తుడిచిన మర్నాడు బ్యాటరీ, మన్నిక కోసం ఆగాల్సిన 80 శాతం దగ్గర ఆగకుండా, నిండిపోతోందని గమనించాం. ఆ కట్టడి చేసేది కంపెనీ యాప్. దాన్ని మాత్రం వెతికి దించుకుని మళ్లీ ఎక్కించాం, ఈసారి మేము కావాలనుకుని.