జువైనల్ హోమ్‌లో పిల్లలకి ఓపెన్ టెన్త్ మేలా, చేతిపని మేలా?

కేసుల్లో ఇరుక్కున్న మైనర్లని ఉంచే జువైనల్ హోమ్‌కి నేను వారానికోసారి వెళ్ళి లెక్కలు చెప్తానని తెలిసిన దగ్గర్నుంచి కొత్త వాలంటీర్లందరూ ఇదే అడుగుతున్నారు, లోపలున్న పిల్లలకి ఓపెన్‌లో టెన్త్ కట్టించాలా లేక వడ్రంగమో వైరింగో నేర్పించాలా అని. 2015 జువైనల్ జస్టిస్ చట్టమైతే చదువూ పనీ కౌన్సెలింగూ అన్నీ ఉండాలంటుంది, కానీ రోజులో చేతికొచ్చే గంటలు కొన్నే కదా.

పిల్లలకి పనంటేనే ఇష్టం, అది కళ్ళారా చూశా. చాలామంది ఐదో ఆరో చదివి మానేసినవాళ్ళు. ఒకబ్బాయికి భిన్నాలు మూడు వారాలు చెప్పినా ఎక్కలేదు, అదే బల్ల చేస్తూ టేపు పట్టుకుని "అరించీకి పావించీ కలిపితే ముప్పావించీ కదన్నా" అని తనే చెప్పేశాడు. ఆ రోజు వాడి మొహంలో వెలుగు చూస్తే పని నేర్పడం వద్దని ఎవరూ అనలేరు.

అయినా నేను ఓపెన్ టెన్త్ వైపే. ఎందుకంటే పిల్లాడు లోపల ఎన్నాళ్ళుంటాడో ఎవరికీ తెలీదు. ఆ చట్టంలోనే సెక్షన్ 12 ప్రకారం బెయిల్ ఇవ్వడమే పద్ధతి, ఇవ్వకపోతేనే జువైనల్ జస్టిస్ బోర్డు (పిల్లల కేసులు విచారించేది) కారణాలు రాయాలి, అంటే కేసు తేలేదాకా ఉంచే అబ్జర్వేషన్ హోమ్‌లో ఉన్నవాడు రేపే ఇంటికి పోవచ్చు, పోవాలి కూడా. ఆరు నెలల కోర్సు రెండో నెల్లో ఆగిపోతే చేతికి కాగితం రాదు. ఎన్ఐఓఎస్‌లో (కేంద్రం నడిపే జాతీయ ఓపెన్ స్కూల్) అలా కాదు, 14 ఏళ్ళు నిండితే టెన్త్‌కి కట్టొచ్చు, ఒకసారి అడ్మిషన్ అయితే 5 ఏళ్ళలో 9 సార్లు రాసుకోవచ్చు, పాసైన సబ్జెక్టు పాసైనట్టే, మిగతావి బయటికెళ్ళాక రాసుకుంటాడు. ఆ టెన్త్ ఉంటేనే రేపు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ సీటుకి అప్లై చెయ్యగలడు.

ఇంకోటి, సర్టిఫికెట్ మీద పిల్లాడు నిర్బంధంలో ఉన్నట్టు ఏ రకంగానూ తెలియకూడదని ఐక్యరాజ్యసమితి 1990 నిబంధనల్లోనే ఉంది. ఒకబ్బాయి హోమ్ ముద్ర ఉన్న ట్రైనింగ్ సర్టిఫికెట్ నా చేతిలో పెట్టి, ఊళ్ళో ఎవరైనా చూస్తారన్నా మీ దగ్గరే ఉంచండి అని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

తప్పు చేశాడని తేలాక పంపే స్పెషల్ హోమ్‌లో లెక్క వేరు, అక్కడికి 3 ఏళ్ళ దాకా పంపొచ్చు కాబట్టి పొద్దున చదువు, మధ్యాహ్నం పని, రెండూ పెట్టాల్సిందే. కంప్యూటర్ క్లాసులు, యోగా అంటారా, సాయంత్రం వీలుంటే పెట్టుకోండి.

ఓపెన్‌కి కట్టించేవాళ్ళు ఒక్కటి మర్చిపోకండి, అప్లికేషన్‌లో జువైనల్ హోమ్ అడ్రస్ రాయొద్దు, ఇంటి అడ్రసూ అమ్మ ఫోన్ నంబరూ రాయండి, లేకపోతే బెయిల్ మీద వెళ్ళినవాడికి పరీక్షలెప్పుడో కూడా తెలీకుండా పోతుంది.