వాతావరణ మార్పుపై పురోగతి: మెగావాట్లు, పీపీఎం, టన్నులు - ఏ లెక్క మేలు?

వాతావరణ మార్పును అదుపు చేయడంలో ముందుకు వెళ్తున్నామా? చేతిలో ఏ లెక్క ఉంటే దాన్నిబట్టి జవాబు మారిపోతుంది. మెగావాట్లు, పీపీఎం, టన్నులు - ఈ మూడింటిలో ఒక్కటే ఎంచుకోమంటే, ఏటా వెలువడే కార్బన్ డయాక్సైడ్ టన్నుల లెక్కే మేలు.

ఎక్కువగా వినిపించేవి మెగావాట్లు. 2010 తర్వాతి పదేళ్లలో సోలార్ ప్యానెళ్ల ధర దాదాపు 90 శాతం పడిపోయింది. 2024లో ప్రపంచ కరెంటులో 40 శాతానికి పైగా సౌర, పవన, జల, అణు, బయోమాస్ లాంటి వనరుల నుంచే వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. కానీ మెగావాట్ చెప్పేది సామర్థ్యం, ఉత్పత్తి కాదు. 1,000 మెగావాట్ల సోలార్ ప్లాంటు 20 శాతం పీఎల్ఎఫ్‌తో (పూర్తి సామర్థ్యంలో నిజంగా ఉత్పత్తి చేసే వాటా) ఏడాదికి సుమారు 175 కోట్ల యూనిట్లు ఇస్తే, అంతే సామర్థ్యమున్న బొగ్గు ప్లాంటు 70 శాతంతో 613 కోట్లు ఇస్తుంది. "బొగ్గును సోలార్ దాటేసింది" అన్న వార్త కనిపిస్తే, మెగావాట్లలోనా, యూనిట్లలోనా అని చూడండి. కొత్త సోలార్ అంతా పెరిగిన డిమాండ్‌కే సరిపోతే బొగ్గు బాయిలర్ ఒక్కటీ ఆరదు.

అబద్ధం చెప్పనిది పీపీఎం, అంటే గాలిలో పది లక్షల భాగాలకు ఎన్ని భాగాలన్న లెక్క. 1958లో హవాయిలోని మౌనాలోవా పర్వతంపై శాస్త్రవేత్త చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ దాదాపు 315 పీపీఎం. 2024 సగటు 424 దాటింది. అయితే ఈ కొలత ఆలస్యంగా పలుకుతుంది. గాలిలో 1 పీపీఎం పెరగాలంటే 780 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ అక్కడ మిగలాలి. వదిలినదాంట్లో సుమారు సగాన్ని అడవులు, సముద్రాలు పీల్చుకుంటాయి. 2020లో కోవిడ్ వల్ల ఉద్గారాలు సుమారు 200 కోట్ల టన్నులు తగ్గాయి. దాని ప్రభావం 0.13 పీపీఎం మాత్రమే. ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కడం) లాంటి సహజ కారణాలతో వార్షిక పెరుగుదల ఒక్కోసారి 1 పీపీఎం దాకా అటూఇటూ అవుతుంది కాబట్టి అది అందులో కలిసిపోయింది. ఏటా మేలో గరిష్ఠం, సెప్టెంబరు చివర్లో కనిష్ఠం కూడా ఉంటాయి. మే నెలను మే నెలతోనే పోల్చాలి, సెప్టెంబరుతో కాదు.

ఇక టన్నులు. ఏటా ఎంత వదులుతున్నామో నేరుగా చెప్పేవి ఇవే. చమురు, బొగ్గు, గ్యాస్, సిమెంటు నుంచి 2024లో దాదాపు 3,740 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడింది. ప్రపంచ మొత్తం అప్పటికింకా తగ్గుముఖం పట్టలేదు. ఈ లెక్కలోనూ రెండు మెలికలున్నాయి. జీడీపీలో ఒక్కో రూపాయికి ఉద్గారాలు తగ్గాయంటే మొత్తం తగ్గినట్టు కాదు. బ్రిటన్ 2024 సెప్టెంబరు 30న చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది, 1990తో పోలిస్తే ఉద్గారాలను సుమారు సగానికి తెచ్చింది. కానీ దిగుమతి చేసుకున్న సరుకుల తయారీలో వచ్చిన పొగ ఆ లెక్కలోకి రాదు. అందుకే ఏ దేశానికైనా వినియోగం ఆధారంగా వేసిన టన్నులే అడగాలి, అదీ ఒక్క ఏడాది ఒడిదుడుకులు మోసం చేయకుండా అయిదేళ్ల సగటుతో.